వాడ నుంచి పారిశ్రామికవాడకు: క్యారల్స్ నడిచిన దారి

మెదక్ చర్చి గురించి ఎవరు రాసినా గోపురం ఎత్తు 175 అడుగులని, కట్టడానికి పదేళ్లు పట్టిందని, రంగు అద్దాలు సీమ నుంచి వచ్చాయని రాస్తారు. 1924 డిసెంబర్ 25న దాన్ని ప్రతిష్ఠించారు. కరువు కాలంలో గింజల కోసం ఆ రాళ్లు మోసిన కూలీల గురించి కూడా ఈ మధ్య నాలుగు మాటలు రాస్తున్నారు, మంచిదే. కాని ఆ గోపురం నీడన బాప్తిస్మం తీసుకున్న జనం క్రిస్మస్‌కు ముందు పది పదిహేను రాత్రులు ఏం చేసేవాళ్లో, చంటిపిల్లల్ని చంకనేసుకొని ఏ దారిన ఏ గడపకు పోయేవాళ్లో వెతికితే ఒక పేజీ దొరకదు. క్యారల్స్ అంటే చాలామందికి పాటలు, కేకు, క్రిస్మస్ తాత. సంగారెడ్డి, పటాన్‌చెరు వాడల్లో పుట్టిన మాకు అది వేరే చరిత్ర. రాత్రిపూట ఏ వీధిలో ఎవరు గొంతెత్తి నడవొచ్చు, ఎవరు తలుపు తట్టొచ్చు, ఎవరి పిల్లలకు ఎవరు తలుపు తీస్తారు అన్న చరిత్ర.

ముందుగా ఒక అపోహ గురించి చెప్పాలి. క్యారల్స్ దొరల ఆచారం, మనవాళ్లు చూసి నేర్చుకున్నారు అని ఉద్యమ మిత్రులు కూడా అంటుంటారు. ఇంగ్లండులో కూడా అది మొదటి నుంచీ దొరల సొత్తేం కాదు. అక్కడ ప్యూరిటన్ల పార్లమెంటు 1647లో క్రిస్మస్ పండుగనే రద్దు చేసింది. పల్లెటూళ్లలో చలి రాత్రి ఇల్లిల్లూ తిరిగి పాడినవాళ్లలో రైతుకూలీలు, చేతిపనివాళ్లే ఎక్కువ. కలిగినవాళ్ల గడప ముందు పాడితే తిండి, నాలుగు డబ్బులు దొరికేవి. థామస్ హార్డీ 1872లో రాసిన 'అండర్ ది గ్రీన్‌వుడ్ ట్రీ' నవల మొదట్లో అట్లాంటి ఊరి పాటగాళ్ల గుంపే లాంతర్లు పట్టుకొని పిల్లల్ని వెంటేసుకొని బయల్దేరుతుంది. తెల్ల అంగీలు తొడిగిన పిల్లలు వరుసగా నిలబడి పాడే బొమ్మ మన కళ్లకు కట్టింది మాత్రం ఆ తర్వాత. కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీ ఆరాధన 1918లో మొదలైంది, 1928లో రేడియోకెక్కింది. పేదవాడు చలిలో తిరిగి పాడిన పాటే గుడిలోకి పోయి మర్యాదస్తురాలైంది. మన దగ్గర జరిగింది వేరు. ఇక్కడ పాట గుడిలోంచి బయటికొచ్చి వాడ దాటింది.

వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు సికింద్రాబాదుకు 1879-80 ప్రాంతంలో వచ్చారు. చార్లెస్ వాకర్ పోస్నెట్ 1890ల చివర్లో మెదక్ చేరాడు. పడమర దిక్కు, బీదర్, వికారాబాద్ వైపు, అమెరికన్ మెథడిస్టులు పని చేశారు. మెదక్ వైపు మొదట మాలలు, వికారాబాద్ వైపు ఎక్కువగా మాదిగలు మిషన్‌లో చేరారు. ఈ తేడా తర్వాత మన సంఘాలను ఎట్ల చీల్చిందో ముందుకు చెప్తాం. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డప్పుడు వెస్లియన్ల సంఘాలు అందులో కలిశాయి, అమెరికన్ మెథడిస్టులు కలవలేదు. అందుకే ఇయ్యాల్టికీ ఈ ప్రాంతంలో పక్కపక్క ఊళ్లలోనే సీఎస్ఐ చర్చి ఒకటి, మెథడిస్టు చర్చి ఒకటి కనబడతాయి.

నిజాం రాజ్యంలో దళితుడు రాత్రి ఊళ్లోకి పోవడం కొత్త సంగతి కాదు. వెట్టి మాల కబురు మోయాలె, కావలి కాయాలె. మాదిగ డప్పు పట్టుకొని చాటాలె. చావు చాటింపు, జాతర చాటింపు, పట్వారీ హుకుం, రేపు పొద్దున దొర పొలానికి అందరూ రావాలన్న చాటింపు, అన్నీ మనవాళ్ల చేతుల మీదుగానే పోయినయి. ఊరు నిద్రపోతుంటే దాని మధ్య నిలబడి గట్టిగా మాట్లాడే హక్కు మనవాడికి ఉండేది. అయితే నోరు మనది, మాట దొరది. చాటింపు అయిపోంగనే మళ్లీ వాడకే పోవాలె.

క్యారల్స్‌ను మేము ఈ చాటింపు పక్కన పెట్టి చూస్తున్నాం. అదే రాత్రి, అదే వీధి, అదే మనిషి. నోట్లో వార్త మాత్రం మారింది. పశువుల కొట్టంలో ఒక కూలోళ్ల ఇంట పిల్లవాడు పుట్టాడు, ఆ సంగతి ముందుగా తెలిసింది రాజుకు కాదు, మంద కాడ పండుకున్న గొర్లకాపరులకు. ఈ వార్తను హుకుం లేకుండా, ఎవరూ పంపకుండా, తన ఇష్టంతో తానే మోసుకుపోయాడు మన మనిషి. దాన్ని భక్తి అని సరిపెట్టుకుంటే చరిత్ర మనకు దొరకదు.

డప్పు దగ్గర మాత్రం మిషనరీలు తప్పు చేశారని మా అభిప్రాయం. డప్పు అంటే పోచమ్మ, మైసమ్మ, చచ్చిన గొడ్డు తోలు, కల్లు అని లెక్కేసి, బాప్తిస్మం తీసుకున్నోళ్లు దాన్ని ముట్టొద్దని పట్టుబట్టారు. వెట్టి డప్పు వదిలేయడంలో ఆత్మగౌరవం ఉంది, కాదనం. కాని వెట్టితో పాటు వాద్యం కూడా పోయింది. దాని స్థానంలో హార్మోనియం, కంజీర, తాళాలు వచ్చినయి. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకంలో పురుషోత్తమ చౌదరి వంటి వాళ్ల కీర్తనలు రాగం, తాళం పేర్లతో సహా అచ్చయి ఉంటాయి. ఆ పుస్తకభాష మా అమ్మమ్మల నోట్లో తిరగలేదు. వాళ్లు కీర్తన సాహిత్యం సగం వదిలేసి, బతుకమ్మ పాట వరసలో, నాటు పాట వరసలో యేసు పుట్టుక పాడుకున్నారు. పుస్తకంలోకి ఎక్కని ఆ పాటలే వాడలో ఎక్కువ కాలం బతికినయి. డప్పు ఆ తర్వాత మెల్లగా తిరిగొచ్చింది. 1990లలో దండోరా ఉద్యమం డప్పును తలెత్తుకొని మోసినాక క్యారల్స్ గుంపులో కూడా అది సిగ్గు లేకుండా మోగింది.

పిల్లల్ని రాత్రిపూట ఇల్లిల్లూ తిప్పడం కూడా మిషనరీలు నేర్పింది కాదు. హోళీకి ముందు వెన్నెల రాత్రుల్లో కోలలు పట్టుకొని జాజిరి ఆడుకుంటూ, గడప గడపకూ పోయి గింజలో డబ్బులో అడిగే పిల్లలు తెలంగాణ పల్లెల్లో ఎప్పటి నుంచో ఉన్నారు. మా తాతలకు క్యారల్స్ అర్థమైంది జాజిరి వల్లనే అని మేము అనుకుంటున్నాం. తేడా ఏందంటే, జాజిరికి మన పిల్లలు ఊళ్లోకి పోతే వాకిట్లో దూరంగా నిలబెట్టి పైనుంచి గింజలు జారవిడిచేవాళ్లు. క్యారల్స్‌కు పోయేది మాత్రం మొదట మన ఇండ్లకే, మన వాడలోని ఒక్కో గుడిసెకు. ఎవరూ పండుగకు పిలవని ఇంటి ముందు ముప్పై మంది నిలబడి, ఆ ఇంటి మనిషి పేరు పెట్టి, శుభం కలగాలని పాడారు. ఆ ఇంటామె దీపం పట్టుకొని తలుపు తీసి, ఉన్న జొన్నలో చారెడు కానుక వేసింది. మొదట్లో గెలిచింది ఊరి వీధి కాదు, మన గడపే.

పి.వై. లూక్, జాన్ కార్మన్ 1959లో మెదక్ ప్రాంతంలోని వాడియారం సంఘాల్లో తిరిగి రాసిన పుస్తకం 1968లో వచ్చింది. మన పల్లె క్రైస్తవుల గురించి అంత ఓపికగా చూసి రాసిన వాళ్లు తక్కువ. క్రైస్తవులై కూడా ఊరి పండుగలు ఎందుకు విడిచిపెట్టలేదు అన్నది వాళ్ల ప్రశ్నల్లో ఒకటి. ఆ ప్రశ్నను తిప్పి అడగాలని మాకనిపిస్తది. మన పండుగను చూసి ఊరు ఏమనుకుంది? మన పాట ఊరి వీధిలో ఎంత దూరం పోయింది? కార్మన్, చిలుకూరి వసంతరావు కలిసి యాభై ఏండ్ల తర్వాత అదే ప్రాంతం మీద 2014లో మరో పుస్తకం తెచ్చారు. దాని పేరులోనే క్షీణత, పునరుజ్జీవం అన్న రెండు మాటలూ ఉన్నాయి. ఆ క్షీణతకు ఒక కారణం కాగితంలో ఉంది, దాని దగ్గరికి వస్తాం.

మెదక్ పల్లెల వాడలు ఒక దిక్కు, పటాన్‌చెరు రోడ్డు ఒక దిక్కు. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, 1972లో పటాన్‌చెరు పక్కన పొలాలు, ఊళ్లు లేపి ఇక్రిశాట్, 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, 1984లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ. పాతికేండ్లలో ఈ నేల రూపమే మారిపోయింది. వాడ పక్కన పారిశ్రామికవాడ లేచింది. రెండిటికీ 'వాడ' అన్న పేరే ఎట్ల కుదిరిందో గాని, రెండూ ఊరి మురికి మోయడానికే. నక్కవాగు రంగు మారింది, ఆ వాగు నీళ్లతో పండించుకున్నోళ్లు పోరాడి 1990లో సుప్రీంకోర్టు దాకా పోయారు. భూమి పోయినోళ్ల పిల్లలు కాంట్రాక్టు కూలీలయ్యారు.

క్యారల్స్ దారి కూడా దాంతో మారింది. ప్రభుత్వ ఫ్యాక్టరీల్లో రిజర్వేషన్ మీద ఉద్యోగాలకు కోస్తా నుంచి వచ్చిన లూథరన్, బాప్టిస్టు కుటుంబాలు తమ పాటలు తాము తెచ్చుకున్నాయి. టౌన్‌షిప్పులో వరుస క్వార్టర్లు, వీధి దీపాలు, తారు రోడ్డు. అక్కడ పిల్లలకు రాత్రంటే భయం లేదు. రోడ్డుకు ఈ పక్క మా వాడలో కరెంటు పోతే కందిలే గతి. రెండు గుంపులూ కలిసింది అరుదు. కలిసినప్పుడు కూడా వాళ్ల పిల్లలు స్వెటర్లలో, మేము మా నాయనల ఫ్యాక్టరీ కోట్లు మోకాళ్ల దాకా వేలాడేసుకొని.

ఫ్యాక్టరీ వచ్చినాక పాటకు టైం కూడా షిఫ్టే చెప్పింది. రెండో షిఫ్టు రాత్రి పదింటికి విడిస్తే గాని డోలక్ కొట్టే మనిషి రాడు. మూడో షిఫ్టుకు పోయేటోళ్లు తమ ఇంట్లో ముందు పాడి పొమ్మంటారు. అందుకని బయల్దేరేసరికి పదకొండు, తిరిగొచ్చేసరికి కోడి కూత. నాలుగైదేండ్ల పిల్లల్ని ఆ చలిలో తిప్పడం ఎట్లనో తల్లులకే తెలుసు. మధ్యాహ్నం బలవంతంగా పండబెడతారు. చెవులకు మఫ్లరు, కాళ్లకు రెండు జతల సాక్సులు, జేబులో మరమరాలు, పల్లీలు. రెండు మూడు ఇండ్లు కాంగనే సగం మంది భుజాల మీద నిద్ర. చాయ్, బిస్కెట్ ఇచ్చే ఇల్లు రాంగనే మాత్రం అందరూ లేస్తారు. ఏ ఇంటి కాడ కుక్కలున్నయో, ఏ సందులో మోరీ తెరిచి ఉందో, ఏ ఫ్యాక్టరీ అర్ధరాత్రి గ్యాసు వదుల్తదో ముందు నడిచేటోళ్లకు ఎరుకే. గ్యాసు వాసన కొడితే పాట ఆపి, పిల్లల ముక్కులకు కొంగు అడ్డం పెట్టి, వేరే సందులోకి తిరిగేవాళ్లం. డిసెంబరు వచ్చిందంటే ఇప్పటికీ మాకు ఆ వాసన, కొవ్వొత్తి వాసన కలిసే యాదికొస్తాయి.

నడిచే వరస గురించి ఆగి చెప్పాలి. అందరికంటే ముందు వెదురు పుల్లలకు రంగు కాగితం అతికించిన నక్షత్రం, దాని వెనక చిన్నపిల్లలు, వాళ్ల వెనక ఆడవాళ్లు, ఆఖరికి వాద్యాలు పట్టుకున్న మొగవాళ్లు. తలుపు తట్టేది ఎప్పుడూ పిల్లలే. చిన్నప్పుడు ఇది మాకిచ్చిన మర్యాద అనుకున్నాం. పెద్దయినాక ముసలోళ్లను అడిగితే ఒకాయన నవ్వి చెప్పిండు: "పెద్దమనుషుల గల్లీల మొగోడు తలుపు కొడితే ఎవడ్రా అంటరు బిడ్డా. పోరగాండ్లు కొడితే ఎవరమ్మా అంటరు." ఊరి నడుమ నుంచి పోవాల్సిన సంఘాలన్నీ ఈ తెలివి వాడుకున్నాయి. వాడ ఊరి వీధిలోకి పాట పాడుకుంట పోయింది పిల్లల్ని ముందు పెట్టుకొని. కొన్ని తలుపులు తెరుచుకున్నయి, ఎవరో ఒకామె పిల్లల దోసిట్లో అప్పాలు పెట్టింది. కొన్ని తలుపుల వెనక లైటు ఆర్పేశారు. రెండూ పిల్లలు చూశారు. ఏ తలుపు వెనక లైటు ఆరిందో వాళ్లు ఎన్నడూ మర్చిపోరు.

మాకు లైటు ఆరింది తలుపు వెనక కాదు, బడిలో. ఒక ఏడు క్యారల్స్‌లో మేము ఒక సారు ఇంటి ముందు కూడా పాడినం. ఆయన మంచిగనే విన్నడు, పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిండు. జనవరిలో స్కాలర్‌షిప్ ఫారాల మీద సంతకాలప్పుడు, "రాత్రి నక్షత్రం మోసినోళ్లు మీరే గదా, మరి ఈడ హిందూ అని రాసినరేంది" అన్నడు. క్లాసంతా నవ్వింది. తొమ్మిదేండ్ల పిల్లలకు ఏం జవాబు దొరుకుతది? ఇంటికి పోయి అడిగితే అమ్మ ఏం చెప్పలేదు, ఆ పై ఏడు నక్షత్రం వేరే వాళ్ల పిల్లలకిచ్చింది.

ఆ జవాబు మాకు విశ్వవిద్యాలయం లైబ్రరీలో దొరికింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు మతం మారినాక కూడా అదే వివక్ష, అదే తీవ్రతతో ఉన్నదని రుజువు చూపమంది. మన రాష్ట్రంలో క్రైస్తవులైన దళితులను బీసీ-సి అన్నారు, ఒక్క శాతం ఇచ్చారు. 1977లో కొన్ని ఆర్థిక సౌకర్యాలు కూడా ఇచ్చారు. ఉద్యోగంలో, సీటులో, ఎన్నికలో షెడ్యూల్డు కుల రిజర్వేషన్ మాత్రం గడప అవతలనే. అట్రాసిటీ చట్టం రక్షణ కూడా అవతలనే. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఆ మూడో పేరా తీసేయమని చెప్పింది, తీయలేదు. ఇప్పుడు చూడండి. సంవత్సరమంతా బడి రిజిస్టర్లో హిందువైన పిల్ల, డిసెంబరు రాత్రి ఊరందరి ముందు నక్షత్రం పట్టుకొని నడుస్తది. చర్చిలో కూర్చుంటే నాలుగు గోడల మధ్య సంగతి. క్యారల్స్ అట్లా కాదు, అది చాటింపు. తల్లిదండ్రులు కాగితం మీద దాచిందాన్ని పిల్లలు వీధిలో పాడి చెప్తారు. 2011 జనగణనలో ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు 1.34 శాతమే అని లెక్క వచ్చినప్పుడు, మా వీధుల్లో నక్షత్రాలు కట్టిన ఇండ్లు యాదికి తెచ్చుకొని మేము నవ్వుకున్నాం. ఇది మోసం అనేటోళ్లున్నారు. అంటరానితనం మతం మారంగనే పోలేదని మూడో పేరా రాసినోళ్లకు తెలుసు, మా సారుకూ తెలుసు. తెలిసే అడిగిండు.

మన లోపలి సంగతులు కూడా దాచొద్దు. ఒకే ఊళ్లో మాల సంఘం క్యారల్స్, మాదిగ సంఘం క్యారల్స్ వేర్వేరుగా పోయిన రాత్రులున్నాయి. రెండు గుంపులు ఒకే సందులో ఎదురైతే ఎవరు పక్కకు జరగాలన్న మాట కూడా వచ్చింది. పెద్ద ఆఫీసరు ఇంటి ముందు నాలుగు పాటలు, కాంట్రాక్టు కూలీ రేకుల గది ముందు ఒక చరణం. పిల్లలకు ఈ లెక్క మస్తుగ తెలుసు, ఏ ఇంట్లో కేకు ఉంటదో ఆ ఇంట్లో గొంతు పెరుగుతది. ఇక ఆడపిల్లలు. పన్నెండేండ్ల దాకా ముందు వరసలో పాడిన పిల్ల పెద్దమనిషి కాంగనే ఇంట్లో ఉండిపోతది, ఆమె తమ్ముడు డోలక్ నేర్చుకుంటడు. పాటలన్నీ నోటికొచ్చింది ఆ పిల్లకు, మైకు పట్టింది వీడు. ఈ మధ్య కొన్ని సంఘాల్లో ఆడవాళ్లే డప్పు పట్టి గుంపును నడుపుతున్నారు, అది మేము కండ్లారా చూసినం.

పారిశ్రామికవాడలో ఇప్పుడు రేకుల గదులు ఒడిశా, బీహారు, జార్ఖండ్ కూలీలతో నిండినయి. ఒడియా కూలీల్లో క్రైస్తవులున్నారు. వాళ్ల గది ముందు మేము తెలుగులో పాడితే, వాళ్లు బయటికొచ్చి తమ భాషలో ఒకటి పాడి మా పిల్లల చేతిలో అరటిపండ్లు పెట్టారు. అందులో ఒకాయన తలుపుకు నక్షత్రం మాత్రం వద్దన్నడు, ఎందుకో చెప్పలేదు. కంధమాల్‌లో 2007 డిసెంబర్ 24న హింస మొదలైంది క్రిస్మస్ పందిరి, తోరణాల తగాదా కాడనే. 2008 ఆగస్టులో అది వేల ఇండ్లు కాల్చింది. అక్కడి పాణ దళితులకు కూడా అదే మూడో పేరా అడ్డం. మేమూ మళ్లీ అడగలేదు.

2017 డిసెంబరులో మధ్యప్రదేశ్ సత్నాలో క్యారల్స్ పాడబోయిన సెమినరీ విద్యార్థులనే పోలీసులు పట్టుకుపోయారు, వాళ్లను చూడవచ్చిన పాదిరీల కారును గుంపు తగలబెట్టింది. అది దూరం అనుకున్నాం. 2024 ఫిబ్రవరి 13న మాకు అల్లంత దూరంలోని జన్వాడలో, రోడ్డు వెడల్పు తగాదాతో మొదలై మెథడిస్టు చర్చి మీద దాడి జరిగింది. దెబ్బలు తిన్నది మాదిగ క్రైస్తవులు. ఆ ఏడు డిసెంబరు మొదటి వారం మా సంఘంలో ఎన్నడూ లేని చర్చ వచ్చింది, చిన్నపిల్లల్ని తీసుకుపోవాల్నా వద్దా అని. ముందు వరసలో పిల్లలుంటే ఎవరూ చెయ్యి చేసుకోరని పాతోళ్లన్నరు. చిన్న తల్లులు ఒప్పుకోలేదు. "మీ కాలంలో పిల్లల్ని చూసి లైటు ఆర్పిన్రు, ఇప్పుడు ఫోనులో ఫోటో తీస్తరు" అన్నదొకామె. మేము కూడా ఆ రోజు మా అయిదేండ్ల పిల్ల తరఫున ఏం చెప్పాల్నో తేల్చుకోలేక ఊరుకున్నాం. చివరికి పిల్లలు వచ్చిన్రు గాని నడుమ వరసలో. నక్షత్రం మొగవాళ్లు పట్టుకున్నరు. ఊరి నడి బజారు వదిలేసి వాడ, కూలీల గదులు, ఇంకో రెండు కాలనీలు తిరిగినం.

క్యారల్స్‌కు ప్రతి ఏడు ఒక నోటుబుక్కు ఉంటది, కానుకలు రాసుకోను. మేము చూసిన వాటిల్లో పాతది 1980ల నాటిది, నీలం సిరా, నూనె మరకలు. ఇంటి పెద్ద పేరు, తండ్రి పేరు, బాప్తిస్మం పేరు, ఏ ఫ్యాక్టరీ, ఏ షిఫ్టు, ఎంత కానుక, అన్నీ వరసగా ఉన్నాయి. డబ్బు లేనోళ్ల పేరు ముందు 'బియ్యం' అని, అదీ లేనోళ్ల ముందు 'చాయ్' అని రాశారు. ఈ ప్రాంతపు దళితుల మీద ఇంత వివరంగా రాసిన కాగితం మాకు ఇంకోటి కనబడలేదు. 2024 నోటుబుక్కు కూడా చూసినం. పేర్ల గడి ఉన్నది గాని అందులో పేర్లు లేవు. 'వేపచెట్టు ఇల్లు', 'నీలం గేటు', 'ట్యాంకు కింది రెండో గది', 'కుంటి కుక్క ఇల్లు' అని రాసి ఉంది, ఎదురుగా అంకె.